అడుగుల లెక్క, నెలల లెక్క: దక్షిణ రాయలసీమలో పసిబిడ్డ ఎదుగుదల – ఒక చారిత్రక పరిశీలన

తిరుమల ఆలయ కుడ్యాల మీది శాసనాలలో దాతల పేర్లు ఉన్నాయి. దానమిచ్చిన గ్రామాలు, నైవేద్యానికి కొలిచి ఇవ్వవలసిన బియ్యం, నెయ్యి, పెసరపప్పు పరిమాణాలు ఉన్నాయి. ఆ దానాలు ఎవరి క్షేమం కోరి చేశారో కొన్నిచోట్ల ఉంది. గోడ పట్టుకొని నిలబడిన బిడ్డ మాత్రం ఆ శాసనాలలో కనిపించదు. చరిత్రకారుడు సాధారణంగా ఆశ్రయించే ఆధారాలు శైశవం విషయంలో మౌనం వహిస్తాయి. కాబట్టి పసిబిడ్డ చరిత్రను తెలుసుకోవాలంటే భాష, మొక్కుబడి, జోలపాట, టీకా పుస్తకం వంటి వేరు ఆధారాల వైపు తిరగవలసి ఉంటుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇటువంటి ఆధారాలకు కొదవ లేదు. వాటిని వరుసగా పరిశీలిస్తే బిడ్డ ఎదుగుదలను లెక్కించే పద్ధతులు రెండు కనిపిస్తాయి. ఒకటి బిడ్డ చేసిన పనిని బట్టి లెక్కించడం, రెండవది బిడ్డకు నిండిన నెలలను బట్టి లెక్కించడం. ఇంటి ఆడవాళ్ళది మొదటి లెక్క. శాస్త్రానిదీ ప్రభుత్వానిదీ రెండవ లెక్క. ఈ రెండింటి మధ్య జరిగిన మార్పిడే ఈ వ్యాసానికి విషయం.

తెలుగులో పసితనాన్ని సూచించే మాటలు చాలావరకు వయస్సును చెప్పవు. చన్ను తాగే బిడ్డ చంటిబిడ్డ. ఎత్తుకోవలసిన బిడ్డ చంకబిడ్డ. ఉయ్యాలలో ఉండేది ఉయ్యాల బిడ్డ. ఈ మాటలన్నీ బిడ్డ ఎక్కడ ఉన్నదో, తల్లి శరీరానికి ఎంత దగ్గరగా ఉన్నదో చెబుతాయి గాని ఎన్నవ నెలలో ఉన్నదో చెప్పవు. నడక నేర్చే బిడ్డ వేసేవి తప్పటడుగులు. పెద్దవాళ్ళ విషయంలో ఇదే మాట పొరపాటు అనే అర్థంలో వాడతారు. బిడ్డ విషయంలో తప్పటడుగు వేడుకకు కారణం, పెద్దవాళ్ళ విషయంలో నిందకు కారణం. ఒకే మాటలో ఈ రెండూ ఇమిడి ఉండడం గమనించదగినది. మాటలు ఆలస్యమైన బిడ్డకు వసకొమ్మును అరగదీసి నాలుకకు రాసేవారు. ఆ వాడుక మరుగున పడుతున్నా, అతిగా మాట్లాడేవారిని 'వసపిట్ట' అనడం మాత్రం నిలిచి ఉంది. ఉగ్గుగిన్నె సంగతీ అంతే. కొన వంపుతో ఉండే ఆ చిన్న పాత్ర చాలా ఇళ్ళలో ఇప్పుడు అటక మీద ఉంది గాని, 'ఉగ్గుపాలతో అబ్బిన విద్య' అనే పలుకుబడి ఇంకా పత్రికలలో కనిపిస్తూనే ఉంది.

ఇంటి లెక్కకు పంచాంగం వంటింట్లో ఉండేది. బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు చేసి ఇరుగుపొరుగుకు పంచడం తెలుగు ప్రాంతమంతటా ఉన్న ఆచారం. ప్రతి మైలురాయికీ దాని తొలి అక్షరంతో మొదలయ్యే పిండివంటను జతచేయడం వల్ల ఇది సులభంగా జ్ఞాపకం ఉండేది. దక్షిణ రాయలసీమలో బొబ్బట్టును ఓళిగ అంటారు. అక్కడ బోర్లపడడానికీ ఓళిగకూ అక్షరమైత్రి కుదరదు. అయినా వంటకం మారలేదు. దీనిని బట్టి ఈ జతల కూర్పు వేరొకచోట ఏర్పడి ఇక్కడికి వచ్చి ఉంటుందని ఊహించడానికి అవకాశం ఉంది. ఈ ఆచారంలో అసలు విశేషం వేరు. బిడ్డ ఏ నెలలో బోర్లపడాలి, ఏ నెలలో నడవాలి అనే నియమం దీనిలో లేదు. అడుగు పడిన రోజే అరిసెల రోజు. పదో నెలలో నడిచిన బిడ్డకూ, పదహారో నెలలో నడిచిన బిడ్డకూ ఒకే పిండి, ఒకే బెల్లం. ఈ లెక్కలో బిడ్డ ఆలస్యం కావడం అనేది లేదు.

శాస్త్రం దృష్టి దీనికి భిన్నమైనది. తెలుగునాట కృష్ణ యజుర్వేద కుటుంబాలు ఎక్కువగా అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ఆరవ నెలలో అన్నప్రాశనాన్నీ, మూడవ యేట చౌలాన్నీ విధించింది. బిడ్డకు దంతాలు వచ్చాయా, అన్నం మింగగలదా అనే ప్రశ్న కన్నా నెల ముఖ్యం. చౌలానికి పునర్వసు నక్షత్రాన్ని కూడా నిర్దేశించింది. నెలల లెక్క ఆధునిక వైద్యం తెచ్చిపెట్టినదని భావించడం పొరపాటని దీనివల్ల తేలుతుంది. అయితే ఆ లెక్క కొద్ది కుటుంబాలకే పరిమితం. చిత్తూరు ప్రాంతపు రైతు కుటుంబాలలో బిడ్డకు తొలిముద్ద పెట్టడానికి ముహూర్తం చూసినా చూడకపోయినా, ఆ తరువాత ప్రతిరోజూ పెట్టేది రాగిజావే. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, గుడ్డలో జల్లించి కాచే పద్ధతి ఇక్కడి ముసలమ్మలకు బాగా తెలిసినది. నూరు గ్రాముల రాగులలో సుమారు 344 మిల్లీగ్రాముల సున్నం ఉంటుందని పోషకాహార పట్టికలు చెబుతాయి. మొలకెత్తించడం వల్ల గింజలో పుట్టే జీర్ణరసాయనాలు పిండిపదార్థాన్ని పలుచబరుస్తాయి. అందువల్ల ఎక్కువ పిండి వేసినా జావ గట్టిపడదు, చిన్న కడుపుకు ఒక్కొక్క గుక్కలో ఎక్కువ బలం అందుతుంది. సంగటి తిని పొలానికి పోయే తల్లులు ఈ సంగతిని రసాయనశాస్త్రంతో నిమిత్తం లేకుండా కనిపెట్టారు.

సాహిత్యంలో పసిబిడ్డ దినచర్య ఈ ప్రాంతానికి సంబంధించినంతవరకు తాళ్ళపాక కవుల వల్ల మనకు దక్కింది. అన్నమాచార్యుల (1408–1503) మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన 'అన్నమాచార్య చరిత్రము' సాధారణంగా సంకీర్తనాచార్యుని జీవితానికి ఆధారంగా మాత్రమే చదవబడుతున్నది. ఆ కావ్యంలో అన్నమయ్య శైశవ వర్ణన ఉంది. స్వామి ప్రసాదమని చెబితే తప్ప ఆ బిడ్డ వెన్నను కూడా నోట పెట్టడనీ, వేంకటపతి మీద జోల పాడితే తప్ప నిద్రపోడనీ కవి చెబుతాడు. భక్తుని బాల్యం భక్తితోనే మొదలైందని నిరూపించడం ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని పక్కన పెట్టి చూస్తే, అన్నం దగ్గర మొరాయించే బిడ్డ, పాట లేనిదే కన్ను మూయని బిడ్డ, బిడ్డను ఒప్పించడానికి ఏదో ఒక పేరు చెప్పే తల్లి ఇక్కడ కనిపిస్తారు. ఇది పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటిలోనూ జరిగేదే. కవి దానిని కల్పించలేదు, చూసినదానికి దైవత్వాన్ని అద్దాడు.

అన్నమయ్య సంకీర్తనలలో ఇది ఇంకా స్పష్టంగా ఉంది. 'ఉగ్గు వెట్టరె', 'చందమామ రావో', 'చిన్ని శిశువు' మొదలైన కీర్తనలు ఒక్కొక్కటి శిశుపోషణలోని ఒక్కొక్క పనికి సంబంధించినవి. ఒకటి ఉగ్గు పెట్టే వేళది, ఒకటి చంద్రుణ్ణి చూపించి మరిపించే వేళది, ఒకటి బిడ్డ ఒంటి మీది నగలనూ, ఆ నగలతో కదిలే తీరునూ చూసి మురిసే వేళది. సుమారు 2,289 రాగిరేకులలో ఎక్కువ భాగం ఆలయంలోని సంకీర్తన భాండారంలో ఉండిపోయి, 1922 తరువాతనే పండితుల దృష్టికి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి పరిష్కరణ వల్ల పదాలు లోకానికి అందాయి. ఈ కీర్తనలలో బాలకృష్ణునికి వయస్సు చెప్పిన సందర్భాలను వెదకడం కన్నా, అతడు చేస్తున్న పనులను వరుసగా పేర్చడం ప్రయోజనకరం. చేయి చాచడం, పాకడం, వెన్న కోసం వంగడం, పట్టుబడి ఏడవడం ఈ కీర్తనల నిండా ఉన్నాయి. పదిహేనో శతాబ్దపు కవి లెక్క కూడా ఇంటి ఆడవాళ్ళ లెక్కే. ఆయన విన్న జోలలు వారివే కావడం అందుకు కారణం కావచ్చు.

ఈ వేడుకల వెనుక భయం ఉన్నదన్న సంగతిని మరచి వీటి చరిత్ర రాయడం కుదరదు. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య, కుప్పమ్మ అనే పేర్లు పెట్టడం ఈ సీమలో నిన్నమొన్నటిదాకా ఉంది. పెంటకుప్ప మీద ఉంచి తీసుకోవడం, ఎంగిలి విస్తరాకులలో పొర్లించడం, చేటలో వేసి పొరుగువారికి ఇచ్చి పిడికెడు తవుడుకు తిరిగి కొనుక్కోవడం వంటి తంతులకు ఈ పేర్లు గుర్తులు. తమిళ సరిహద్దుకు దగ్గరగా ఉన్న పల్లెలలో 'కుప్ప' శబ్దంతో ఉన్న పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. మృత్యువుకు ఈ బిడ్డ మీద ఆశ కలగకూడదన్నది వీటి తర్కం. 1951 ప్రాంతంలో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో సుమారు 146 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారని అంచనా. అంటే పిండివంటల పంచాంగంలోని ప్రతి మెట్టూ బిడ్డ ఇంకా మన దగ్గరే ఉన్నదని ఊరికి చాటడం. గడప దాటిన నాటి గారెలకు ఆ బరువు ఉంది.

పుట్టువెంట్రుకల మొక్కు ఈ భయానికి తిరుపతి ప్రాంతం ఇచ్చిన రూపం. బిడ్డకు జబ్బు చేసినప్పుడు పసుపు గుడ్డలో ముడుపు కట్టి, తల నీలాలు కొండ మీద ఇస్తామని మొక్కుకొంటారు. మొక్కు తీరేదాకా వెంట్రుకలకు కత్తెర తగలకూడదు. రెండేళ్ళ బిడ్డ జడ వేసుకొని తిరగడం తీరవలసిన బాకీకి గుర్తుగా ఊరంతటికీ తెలిసేది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తొలి కత్తెర వేయించడం, తరువాత గుండుకు గంధం పూయడం ఇప్పటికీ కల్యాణకట్టలో నిత్యం కనిపించే దృశ్యాలు. చౌలానికీ దీనికీ పోలిక పైపైదే. చౌలం మగబిడ్డకు మంత్రపూర్వకంగా, శిఖ మిగిల్చి చేసేది. మొక్కుబడి గుండులో శిఖ లేదు, మంత్రం లేదు, ఆడపిల్ల మగపిల్లవాడు అనే భేదం లేదు. శాస్త్రం నుంచి మొక్కు బేసి సంవత్సరాల నియమాన్ని మాత్రం తీసుకొని, తక్కినదంతా తన ఇష్టప్రకారం మార్చుకొన్నది. ఈ సమానత్వానికి హద్దులు లేకపోలేదు. 1947 నాటి మద్రాసు దేవాలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా దళిత కుటుంబాల బిడ్డలకు పెద్ద ఆలయాల గడప దాటే హక్కు లేదు. వారి మొక్కులు ఊరి దేవతల దగ్గరే తీరేవి. 1944లో మొదటి కనుమదారి ఏర్పడే వరకు కొండకు బిడ్డను తీసుకుపోవడం కూడా తేలిక కాదు. అలిపిరి నుంచి సుమారు తొమ్మిది కిలోమీటర్ల మెట్లదారిలో బిడ్డను చంకలోనో డోలీలోనో మోయవలసిందే. తప్పటడుగుల వయస్సు దాటి, కొంతదూరమైనా నడవగలిగేదాకా మొక్కును వాయిదా వేయడానికి ఇది చాలు.

తిరుపతిలోనే కొండ కింద గంగమ్మ ఉంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వేసేవారిలో మొక్కు ప్రకారం తల్లిదండ్రులు ముస్తాబు చేసి తెచ్చిన పసిపిల్లలు కూడా ఉంటారు. మశూచి, తట్టు వంటి వ్యాధులను 'అమ్మవారు పోయడం' అనే నమ్మకం ఈ మొక్కులకు మూలం. అమ్మవారు ఉన్నన్నాళ్ళు ఇంట్లో తాళింపు ఉండదు, గుమ్మానికి వేపమండ ఉంటుంది, బిడ్డకు చలువ చేసే అంబలి పోస్తారు. బేసి రోజున నీళ్ళు పోస్తారు. వైద్యం లేని కాలంలో ఈ నియమాల వల్ల రోగి ఉన్న ఇంటికి రాకపోకలు తగ్గేవి. ఆ మేరకు ఇవి ఉపకరించే ఉండాలి. మశూచి నుంచి బయటపడడం కూడా ఇంటి లెక్కలో ఒక మైలురాయే. అమ్మవారు పోసి లేచిన తరువాతనే బిడ్డ దక్కినట్లు.

ఈ స్థితిలో టీకా వచ్చింది. భారతదేశంలో మశూచి టీకా తొలిసారి పడినది కూడా ఒక పసిబిడ్డకే. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్టాల్ అనే మూడేళ్ళ పాపకు ఆ టీకా వేశారు. ఆనాటి పద్ధతిలో ఒక బిడ్డ చేతి మీది పొక్కు నుంచి రసి తీసి మరొక బిడ్డకు ఎక్కించేవారు. టీకాను ఊరి నుంచి ఊరికి మోసినవారు పసిపిల్లలే. మందును బిడ్డల శరీరాలలో దాచి తీసుకువెళ్ళిన ఈ ఘట్టాన్ని వైద్య చరిత్రలు ఒక వాక్యంతో దాటవేస్తాయి. ఇంట్లో పొక్కు మానకముందే బిడ్డ చేతిని గుచ్చడానికి వచ్చిన అధికారిని చూసి తల్లులు తలుపులు వేసుకొన్నారంటే దానిని మూఢత్వమని కొట్టివేయడం న్యాయం కాదు. 1880 టీకా చట్టం పురపాలక ప్రాంతాలలో నిర్బంధానికి దారి తీసింది. తిరుపతి పురపాలక సంఘం 1886లో ఏర్పడింది. 1899లో మద్రాసు రాష్ట్రంలో జనన మరణ నమోదుకు చట్టం వచ్చింది. పుట్టిన తేదీ కాగితం మీద పడిన నాటి నుంచి నెలల లెక్క శాస్త్రం తెలిసిన కొద్ది ఇళ్ళను దాటి అందరి ఇళ్ళకూ చేరసాగింది. మశూచి దేశంలో 1975 తరువాత లేదు. గంగమ్మ జాతర మాత్రం ఆగలేదు, పసిపిల్లల వేషాలూ ఆగలేదు. భయం పోయినా మొక్కు మిగలడం ఇక్కడ చూస్తాము.

ఈ మార్పులో అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు ప్రత్యేక స్థానం ఉంది. అక్కడికి సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1915 నుంచి పనిచేస్తున్నది. 1948లో భారతదేశంలో బి.సి.జి. టీకాను ప్రయోగాత్మకంగా ప్రారంభించిన తొలి కేంద్రాలలో మదనపల్లె ఒకటి. తొలినాళ్ళలో పరీక్ష చేసి, అవసరమని తేలినవారికే టీకా వేసేవారు. అందువల్ల బడిపిల్లలే ఎక్కువగా దానికి గురయ్యారు. 1955లో చక్రవర్తుల రాజగోపాలాచారి దీనిని తీవ్రంగా వ్యతిరేకించి ఒక పుస్తికే ప్రకటించారు. 1968లో పొరుగున ఉన్న చెంగల్పట్టు జిల్లాలో మొదలైన విస్తృత పరిశోధనలో పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా నివారించలేదని తేలింది. పసిపిల్లలకు వచ్చే మెదడుపొరల క్షయ వంటి తీవ్రరూపాల నుంచి అది రక్షిస్తుందన్న నమ్మకంతో టీకా నిలిచింది. ఆ విధంగా బడిపిల్లల చేతి నుంచి అప్పుడే పుట్టిన బిడ్డ చేతికి మారింది. ఇప్పుడు బి.సి.జి. మచ్చ బిడ్డ శరీరం మీద పడే తొలి తేదీ. తట్టు, రుబెల్లా టీకా తొలి మోతాదుకు 9 నుంచి 12 నెలలు, రెండవ మోతాదుకు 16 నుంచి 24 నెలలు నిర్ణయించారు. అడుగులు పడే కాలమూ ఈ రెండింటి నడుమదే. అరిసెలు పంచే రోజును ఏ కాగితమూ నమోదు చేయదు, టీకా రోజును చేస్తుంది.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఈ నెలల లెక్కను పల్లెకు తెచ్చింది. అంగన్‌వాడీలో నెలనెలా బిడ్డను తూచి బరువును కార్డు మీది గీతలో చుక్కగా గుర్తిస్తారు. ఏడు నెలల నుంచి మూడేళ్ళ లోపు బిడ్డకు గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన బాలామృతం ఇస్తారు. రాగి పండే సీమలో గోధుమపిండి బిడ్డకు బలమైన ఆహారంగా రావడం విచిత్రమే. గీత దిగువకు జారితే ఆ బిడ్డ బలహీనంగా ఉన్నట్లు. ఇక్కడ తొలిసారి తల్లికి తన బిడ్డ 'వెనుకబడింది' అనే మాట వినవలసి వచ్చింది. పిండివంటల లెక్కలో లేని అవమానం ఇది. అయితే ఆ లెక్కలో లేని మేలు కూడా ఇందులో ఉంది. పద్దెనిమిది నెలలు దాటినా నిలబడని బిడ్డను చూసి 'నిదానంగా నడుస్తుందిలే' అని ఊరుకోవడం వల్ల పోలియో, ఆహారలోపం, వినికిడి లోపం వంటివి సకాలంలో బయటపడకుండా పోయిన ఇళ్ళు ఎన్నో. ఓర్పు అని మెచ్చుకొనేదే కొన్నిసార్లు ఆలస్యమైంది. పాత లెక్కను కీర్తించే వ్యాసాలు ఈ విషయాన్ని దాటవేస్తున్నాయి.

నెలల లెక్క కూడా ఎంత వెడల్పైనదో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాలు చెబుతాయి. భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల పిల్లలను పరిశీలించి, ఆసరా లేకుండా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలల వరకు ఏదైనా సహజమేనని నిర్ణయించారు. ఆ పిల్లలలో 4.3 శాతం మంది చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకకుండానే నడక నేర్చుకొన్నారు. పాకే మెట్టు లేకపోయినా తరువాతి మెట్టు ఆగలేదు. పదో నెల బిడ్డకూ పదహారో నెల బిడ్డకూ ఒకే అరిసె పెట్టిన ఇంటి లెక్క ఈ వెడల్పును ఏ పట్టికా లేకుండా అనుమతించింది. ఆ వెడల్పుకు ఒక చివర ఉన్నదనీ, అక్కడ ఆగి వైద్యుణ్ణి అడగాలనీ మాత్రం అది చెప్పలేదు.

నేడు ఈ రెండు లెక్కలు ఒకే చోట కలుస్తున్నాయి. తిరుమలలో ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం మార్గం గుండా దర్శనానికి అనుమతిస్తారు. దానికి బిడ్డ జనన ధ్రువపత్రం చూపాలి. మొక్కు బిడ్డ పనిని బట్టి పుట్టినది, వరుస నెలను బట్టి కదులుతున్నది. పుట్టిన తేదీ నమోదు కాని పిల్లల విషయంలో దీనికి ఎదురు ప్రక్రియ జరుగుతుంది. పోషకాహార సర్వేలకు వెళ్ళేవారు బిడ్డ వయస్సు తెలియనప్పుడు స్థానిక సంఘటనల పట్టికను వాడతారు. ఆ పట్టికలో ఉండేవి పండుగలు, జాతరలు, కోతలు, పెద్ద వానలు. బిడ్డ ఉగాదికి ముందు పుట్టినదా, గంగమ్మ జాతర తరువాతనా, వేరుశనగ పీకే నాటికి బోర్లపడుతున్నదా, సంక్రాంతికి గడప దాటినదా అని అవ్వను అడిగి, ఆమె చెప్పినదాన్ని నెలలుగా మార్చి, కార్డు మీద చుక్క పెడతారు.